మూడు మధ్యాహ్నాల గాలి

ఒకటో రోజు. మచిలీపట్నం.

రోజూ ఏం చేశామో ఈ పుస్తకంలో రాయాలని ఆఫీసు నియమం. ఏం అనుకున్నామో రాయకూడదని ఎక్కడా లేదు కాబట్టి నేను రెండూ రాస్తాను. పోయిన ఏడాది పుస్తకం చదివి మా పై అధికారి కమలాకర్ గారు "క్లుప్తంగా రాయండి నూకరత్నం గారూ" అని ఎర్ర సిరాతో రాశారు. ఈసారి ఇంకాస్త వివరంగా రాస్తాను.

తొమ్మిదింటికి ఎండ పట్టాక గుడివాడలో ఎండబండి కదిలింది. పదిన్నరకి బందరు చేరాం. బండి నడిపేది దొరబాబు గారు. కాకినాడ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, నోరు మాత్రం ఇరవయ్యేళ్ళది. పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరూ బయట తిరగకూడదు. ఉన్న అరగంటలో ముక్కుని దింపి కోనేరు సెంటర్లో బల్ల మీద పెట్టాం.

ముక్కు అంటే గాలి పట్టే యంత్రం. పాలక్యాను అంత ఉంటుంది. పైన గొట్టం, కింద సీసా. పన్నెండు నుంచి గంటసేపు ఊరి గాలిని పీల్చి సీసాలోకి దింపుతుంది. ఎండ నెత్తికెక్కితేనే ఊరి వాసన పైకి లేస్తుంది, పొద్దున్నపూట ఏ ఊరైనా ఒకటే. మూడు మధ్యాహ్నాలు పడితే ఒక సీసా. ఊరికి ఒకే సీసా. సముద్రం పైకొస్తోందని జనం తీరం వదిలి మెట్టకి వెళ్ళిపోయాక పట్టడానికి ఏమీ మిగలదు. మనుషులు ఖాళీ చేసిన వారానికే ఏ ఊరైనా ఒట్టి ఉప్పు వాసన వేస్తుంది.

పదిహేను రోజుల ముందే ఉత్తరం వెళ్ళింది కాబట్టి ఊరు తయారుగా ఉంది. మామిడాకుల తోరణాలు కట్టారు. రోడ్లు కడిగారు. కమిటీ ప్రెసిడెంటు గారు దండ వేసి, "మూడు రోజుల్నుంచీ ఒక్క చేపని ఎండెయ్యనివ్వలేదండీ మేడం. డ్రైన్లన్నింట్లో ఫినాయిలు పోయించాం. వచ్చేది వాసన పట్టేవాళ్ళు కదా, మాట రాకూడదు" అన్నారు. వీధి వీధికీ సాంబ్రాణి పొగ. నాకు చాలా సంతోషం వేసింది. అదీ రాస్తున్నాను.

మూడో రోజు. మచిలీపట్నం.

బందరు సీసా నిండింది. మూత బిగించి డ్రోన్లో ఆఫీసుకి పంపాను. కమిటీ వాళ్ళు ఇచ్చిన లడ్డూలు దొరబాబు గారు, నేను బండిలోనే తినేశాం. ఆయన నాలుగు, నేను మూడు.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. పైడితల్లి మార్కాపురం పైనున్న కాలనీలో ఉంటుంది, అక్కడి రొట్టెల బట్టీలో పని. "అప్పా, మళ్ళీ సెయ్యి కాల్సుకున్నాను" అంది. అప్ప అంటే మావైపు అక్క. రెండు నెలల్లో ఇది మూడోసారి. నిలబడి నిలబడి కునుకు పడుతుందట, అదీ బట్టీ ముందు. పక్క మీద వాలితే మాత్రం కన్ను మూతపడదు.

తీరం నుంచి మెట్టకి వెళ్ళిన వాళ్ళలో చాలామందికి మొదట్లో అంతే. అందుకే ప్రతి కాలనీలోనూ వాసన గది పెట్టారు. సాయంత్రం పావుగంట సొంతూరి గాలి వదులుతారు. అది పీల్చుకుని ఇంటికి వెళ్తే నిద్ర వస్తుంది. పైడితల్లి పదకొండేళ్ళుగా వెళ్తోంది, ఒక్క రోజు మానలేదు. అయినా రోజుకి రెండు గంటలకి మించి పడుకోలేదు. ఈ నెలాఖరుకి కూడా నిద్ర కుదరకపోతే వార్డులో చేర్చుకుని మందుతో పడుకోబెడతామని డాక్టరు చెప్పాడట. ఆ మందు సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. దాంతో బాగా నిద్రపోతారు. లేచాక ఎవరి పేరు ఏమిటో గుర్తుండదు. మా పక్క సీట్లో పనిచేసిన ఆయన భార్యని ఆ వార్డులో నేను చూశాను. ఆయన్ని "బాబూ" అని పిలుస్తోంది.

నెలాఖరుకి ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి. నాకు భయంగా ఉంది.

ఆరో రోజు. కాకినాడ.

సొంతూరు కదా, దొరబాబు గారి హడావుడి చెప్పనలవి కాదు. కాకినాడ వచ్చే ఏడు ఖాళీ చేస్తారు. నిన్న సాయంత్రం నాలుగు కాగానే దిగి, మసీదు సెంటర్ నుంచి జగన్నాథపురం దాకా తిరిగి అందరికీ చెప్పి వచ్చారు. "మనూరి గాలి మనోళ్ళే పీలుత్తారు కదండీ, శుభ్రంగా ఉండాలా వద్దా? ఆయ్, వంతెన కింద కాలవ దగ్గర ఓ బుట్టెడు సంపెంగలు పెట్టించేనండి" అన్నారు. ముక్కుకి రెండు వైపులా సంపెంగ దండలు కూడా వేలాడదీశారు. ఒకటి గొట్టానికి అడ్డం వస్తే నేనే తీసి కాస్త పక్కకి కట్టాను.

వాళ్ళ వదినగారు పనసపొట్టు కూర వండి పెట్టారు. పైడితల్లికి కూడా ఇష్టం. ఆ సంగతి ఆవిడతో అన్నాను, ఎందుకన్నానో తెలియదు. ఆవిడ ఇంకో గరిటె వేశారు.

పదో రోజు. విశాఖపట్నం.

పెద్ద ఊళ్ళతో పెద్ద తలనొప్పి. ఊరంతటికీ ఒకే సీసా అంటే, ముక్కు ఎక్కడ పెట్టాలి? బీచ్ రోడ్డు వాళ్ళు తమ దగ్గరే పెట్టాలన్నారు. పాత పోస్టాఫీసు వైపు వాళ్ళు, ఊరు పుట్టింది తమ దగ్గరని పాత మ్యాపులు తెచ్చి చూపించారు. గాజువాక వాళ్ళు ఆలస్యంగా వచ్చి అందరికంటే ఎక్కువ అరిచారు. చివరికి బీచ్ రోడ్డే నెగ్గింది. నెగ్గిన ఆనందంలో రెయిలింగు మొత్తానికి తెల్లరంగు వేశారు. మేం వెళ్ళేసరికి తడి ఆరలేదు. ఫిషింగ్ హార్బరుకి మూడు రోజులు సెలవిచ్చేశారు.

ముక్కు పని చేస్తున్నంతసేపు బండిలో కూర్చుని సముద్రాన్ని చూశాను. ఎండకి కళ్ళు సరిగా తెరవలేకపోయాను. ఇసుక మీద ఒక్క మనిషి లేడు, కుక్క కూడా లేదు. ఇంత అందమైన ఊరు ఖాళీ అవుతోందంటే ఏడుపొచ్చింది. రంగు వాసనకి వచ్చిందేమో అని దొరబాబు గారు అన్నారు. అదీ కొంత నిజమే.

పన్నెండో రోజు. భీమిలి.

కమలాకర్ గారు ఫోన్ చేశారు. ఆయన గొంతు పెంచరు. పెంచి ఉంటే బాగుండేది.

"నూకరత్నం గారూ, మీరు పంపిన మూడు సీసాల్నీ పరీక్షకి పెట్టించాను. మూడింటిలోనూ ఫినాయిలు, సాంబ్రాణి. ఒకదాంట్లో అదనంగా సంపెంగ, ఇంకోదాంట్లో రంగు. ముందు విడతలో వెళ్ళిన బందరు జనం వాసన గదిలో కూర్చుని, ఇదేదో ఫంక్షన్ హాలు, మా ఊరు కాదు అని లేచి వచ్చేశారు."

నాకు ముందు నవ్వొచ్చింది. సంపెంగ సంగతి దొరబాబు గారికి చెప్తే ఆయన నవ్వలేదు. "ఇంటికి ఎవరైనా వత్తన్నారంటే ఊడ్చుకోమా అండీ? అది కూడా తప్పేనా?" అన్నారు. ఊడ్చుకుంటాం. పక్కింటి వాళ్ళు తొంగిచూసినా దుప్పటి మారుస్తాం. మనకి అదే వచ్చు.

అప్పుడు నాకు ఒక అనుమానం వచ్చి మళ్ళీ ఫోన్ చేశాను. "పదకొండేళ్ళ కిందటి సీసా ఒకటి చూస్తారా? రాళ్ళరేవుది" అని అడిగాను. రాళ్ళరేవు మా ఊరు. భీమిలి అవతల ఉండేది.

పదమూడో రోజు. భీమిలి.

జవాబు వచ్చింది. ఫినాయిలు, సాంబ్రాణి, మామిడాకు. సేకర్త పేరు నూకరత్నం.

అది నా మొదటి సీసా. ఉద్యోగంలో చేరిన నెలకే మా ఊరి వంతు వచ్చింది. మిగతా ఊళ్ళ ముందు మా ఊరి పరువు పోకూడదని వారం ముందే ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఎండు చేపలన్నీ రేవు అవతలికి పంపించింది నేను. వలలు ఉతికించింది నేను. అలసిపోయాను అప్పా అంటున్నా వినకుండా పైడితల్లి చేత వీధంతా ఊడిపించి కళ్ళాపి చల్లించింది నేను. పదకొండేళ్ళుగా నా చెల్లెలు ఆ గదిలో కూర్చుని నేను చేయించిన శుభ్రాన్ని పీలుస్తోంది.

రాళ్ళరేవుకి ఇంకో సీసా లేదు. ఊరే లేదు, ఇప్పుడక్కడ నడుంలోతు నీళ్ళు.

భీమిలి దాటాక ఇంకా చేపలు ఎండబెడుతున్న ఊరు ఒకటే మిగిలింది. కళింగపట్నం దాటాక దీపాలదిబ్బ. మా ఊళ్ళో పట్టిన చేపలే అక్కడా పడతారు, అదే ఇసుక మీద ఎండేస్తారు. మా జాబితాలో చివరి ఊరు కూడా అదే. పద్దెనిమిదో రోజున బస్సులు వచ్చి జనాన్ని తీసుకుపోతాయి. దీపాలదిబ్బ కమిటీకి ఇవాళే ఉత్తరం పంపాను: "దయచేసి ఏ ఏర్పాట్లూ చేయవద్దు. ఊరిని ఉన్నది ఉన్నట్టుగా ఉంచండి."

పదిహేనో రోజు. దీపాలదిబ్బ.

ఊరి మొదట్లోనే అరటి చెట్లు కట్టారు.

ఇసుక మీద ఒక్క చేప లేదు. పడవలు కడిగి వరసగా పెట్టారు. గుమ్మాలకి పసుపు, నేల మీద ముగ్గులు, ఎక్కడ చూసినా ఫినాయిలు. కమిటీ పెద్ద నీలమ్మ గారు ఉతికిన చీర కట్టుకుని ఎదురొచ్చింది. అరవై దాటి ఉంటాయి, నడుం మాత్రం తిన్నగా ఉంది.

"అత్తా, నా ఉత్తరం అందలేదా?" అన్నాను.

"అందినాది. ఏ ఏర్పాట్లూ వద్దని రాసినావు. సుట్టం ఎవురైనా అలగే కదా అంటారు. అలగన్నారని ఒగ్గేత్తామేటి? ఉత్తరం వచ్చినాక ఇంకో పాలి కడిగించినాను."

తప్పు నాదే. వద్దని రాస్తే మొహమాటానికి రాశాననుకుంటారని నాకు తెలిసుండాల్సింది. పన్నెండయింది, ముక్కు పని మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం ఫినాయిలుకి పోయింది.

పదహారో రోజు. దీపాలదిబ్బ.

ఉదయం నీలమ్మ గారి ఇంటికి వెళ్ళి, చెల్లెలి మాట ఎత్తకుండా సీసాల సంగతంతా చెప్పాను. నాకు కావలసింది ఎండు చేపలు, వలలు, పడవల తారు అని చెప్పాను. రేపటికైనా అన్నీ బయట పెట్టించమని అడిగాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ వింది. నేను ఆపాక చేట పక్కన పెట్టింది.

"పదేళ్ళ గుంటనప్పటి నుంచి నెత్తళ్ళు అమ్మినాను. బస్సులో నా పక్కన కూకున్న మనిషి లెగిసి నిలబడీవోడు. గంప టాపు మీదెట్టమనీవోడు కండక్టరు, వానొచ్చినా సరే. మా అమ్మిని బళ్ళో ఎనక బెంచీలో ఏసినారు. రెండు సబ్బులతో తోమి పంపినా ఎనక బెంచీయే. ఈ కంపు ఒదిలించుకోడానికే బతికినాం తల్లీ మేం. ఇప్పుడు నువ్వొచ్చి దాన్నే సీసాలో ఎట్టి, మా మనవరాళ్ళ ముందు మూత తీత్తానంటావేటి?"

నేనూ ఆ బస్సు ఎక్కినదాన్నే. కాలేజీకి వెళ్ళినప్పుడు హాస్టల్లో అందరికంటే ముందు లేచి రెండుసార్లు స్నానం చేసేదాన్ని. మా ఊరు కడిగించింది అందుకే కాబోలు. పరువు అని నిన్నటిదాకా అనుకున్నాను. అది పరువు కాదు, సిగ్గు.

ఊరి సీసాలో ఏం ఉండాలో ఊరివాళ్ళే చెప్పాలి. లేచి వచ్చేశాను. రెండో మధ్యాహ్నం కూడా సాంబ్రాణే పడింది. బండిలో కూర్చుని ఏడ్చాను, ఈసారి రంగు మీదకి నెట్టడానికి వీల్లేదు. దొరబాబు గారు కిందకి దిగి, అంత ఎండలోనూ టైర్లు చూస్తున్నట్టు నటించారు.

పదిహేడో రోజు. దీపాలదిబ్బ.

ఉదయం ఎనిమిదింటికి నీలమ్మ గారే బండి దగ్గరికి వచ్చింది. దొరబాబు గారు నిన్న సాయంత్రం ఆవిడకి పైడితల్లి సంగతి చెప్పారట. నన్ను అడగకుండా చెప్పినందుకు కోపం వచ్చింది కానీ చూపించే తీరిక లేదు.

"నీ సెల్లికి ఫోన్ సెయ్యి" అంది ఆవిడ.

చేశాను. నీలమ్మ గారు ఫోన్ లాక్కుని నేరుగా అడిగింది. "ఏమ్మా, ఆ గదిలో కూకుంటే ఎలగుంటాది నీకు?"

పైడితల్లి ఎవరని కూడా అడగలేదు. "పెళ్ళింట్లో కూకున్నట్టుంటాది. ఎవురి పెళ్ళో తెలవదు. పదకొండేళ్ళ నుంచీ ఆ పెళ్ళి అవ్వదు."

"మీ ఊళ్ళో ఏటి ఎండేసీవోరు?"

"నెత్తళ్ళు. సావళ్ళు. అప్ప సదువుకెల్లిపోనాది, నానే ఏసీదాన్ని."

"ఏ యేళకి తిరగేసీదానివి?"

"ఎండ నడినెత్తి మీదున్నప్పుడు. కాళ్ళు కాల్తన్నా సరే. అప్పుడు తిరగెయ్యకపోతే పురుగెడతాది కదా."

"పురుగెట్టేత్తాది" అంది నీలమ్మ గారు. ఫోన్ నా చేతికిచ్చి ఆవిడ తన పాక వైపు నడిచింది. నేను వెనకే వెళ్ళాను. పాకలో మూల గోనెపట్టాలు తీస్తే కింద రెండు గంపల నెత్తళ్ళు ఉన్నాయి.

"ఊరందరిసేతా పారబోయించింది నానే. నాయి మాత్రం దాసినాను. మెట్టలో ఏటి దొరుకుతాదో ఏటో, కూరకి ఉంటాయని." ఈ మాట చెప్పడానికి ఆవిడ కొంచెం ఇబ్బంది పడింది. "ఊరి సీసా ఊరోళ్ళు సెప్పినట్టే పట్టు. ఇది నాది. ఇంకో సీసా ఉందేటి నీకాడ?"

పగిలితే పనికొస్తుందని ఒకటి అదనంగా ఇస్తారు. ఉంది. కానీ ఊరి మూడో మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా, ముక్కు ఒక్కటే. రేపు బస్సులొస్తాయి. అంటే మిగిలింది ఒంటిగంట నుంచి రెండు. అది కూడా ఒక్కరోజే. సరిగా పడుతుందో లేదో తెలియదు. పైగా నెత్తళ్ళు పరిచి వదిలేస్తే చాలదు. తిరగేస్తూ ఉండాలి, అంటే ఆ ఎండలో మనిషి ఉండాలి.

నేనొక్కదాన్నే చేస్తానన్నాను. "నీకు సేతనవ్వదు, నువ్వు సదువుకున్నదానివి" అంది.

ఒంటిగంటకి ఊరి సీసాకి మూత బిగించి, కొత్త సీసా పెట్టి, ముక్కుని ఇసుక మీదకి మోసుకెళ్ళాం. నీలమ్మ గారు పాత చీర కట్టుకుని వచ్చింది, చేపలమ్మినప్పుడు కట్టే చీర. నెత్తళ్ళు పరిచింది. తలకి తడిగుడ్డ చుట్టుకుని ఒక చివర నుంచి తిరగేయడం మొదలుపెట్టింది. నేను రెండో చివర నుంచి. దొరబాబు గారు టార్పాలిన్ ఎత్తి పట్టుకుని ఆవిడ ఎటు కదిలితే అటు కదిలారు. చెప్పులున్నా కాళ్ళు కాలాయి. పది నిమిషాలకి వాసన లేచింది. అబ్బ, ఎంత ఘాటు. నాకు ఒక్కసారి మా ఇల్లు, మా అమ్మ మెడ, పైడితల్లి జడ అన్నీ ముక్కులోకి వచ్చేశాయి. నేను పని ఆపేశాను. "తిరగెయ్యి" అని కసిరింది నీలమ్మ గారు.

ముప్పావుగంటకి ఆవిడ కూలబడింది. మోసుకెళ్ళి నీడలో పడుకోబెట్టి నీళ్ళు తాగించాం. మిగతా పావుగంట నేను, దొరబాబు గారు తిరగేశాం. నా తిరగేత చూసి ఆవిడ పడుకునే చెయ్యి ఊపుతూ తిట్టింది. అది విన్నాక ఆవిడకి ఏం కాలేదని ధైర్యం వచ్చింది.

సీసా మీద ఏం రాయమంటారని అడిగాను. "ఊరి పేరు రాయకు. నా పేరు రాయి. ఇంకో మాట. ముక్కు మూసుకున్నోడికి నా గాలి ఎట్టొద్దు. బయటికి పంపీమను." రెండు మాటలూ రాసి, రాళ్ళరేవు వాళ్ళ పావుగంటలో వదలమని చీటీ పెట్టి, మార్కాపురం పైనున్న కాలనీకి డ్రోన్లో పంపాను.

పద్దెనిమిదో రోజు. దీపాలదిబ్బ.

బస్సులొచ్చాయి. నీలమ్మ గారు కిటికీ పక్కన కూర్చుంది, నెత్తళ్ళ గంప ఒళ్ళో పెట్టుకుని. బస్సులో ఎవరూ లేచి నిలబడలేదు. మొత్తం వాళ్ళ ఊరివాళ్ళే.

ఇరవయ్యో రోజు. శ్రీకాకుళం.

కమలాకర్ గారూ, ఊరికి ఒకే సీసా అన్న నియమం తప్పాను. ఎండ వేళ బయట ఉండకూడదన్న నియమం తప్పాను, ఇంకో ఇద్దరి చేత తప్పించాను. ఆఫీసుకి పంపవలసిన సీసాని నేరుగా కాలనీకి పంపాను. మీ ఎర్ర సిరా మీ ఇష్టం. ఇకముందు వెళ్ళే సేకర్తలకి మాత్రం ఒక మాట చెప్పండి. ఏర్పాట్లు చేయవద్దని ఉత్తరం రాయడం కాదు, పదిరోజులు ముందే వెళ్ళి వాళ్ళతోపాటు ఉండాలి. చుట్టం అన్న మాట పోవాలి. ఆ తర్వాత కూడా ఏది పట్టాలో వాళ్ళనే అడగాలి.

సాయంత్రం ఆరింటికి కాలనీలో వాసన గది చూసుకునే అమ్మాయి ఫోన్ చేసింది.

"మీరు రాసినట్టే తలుపు దగ్గర నిలబడ్డానండీ. రాళ్ళరేవు వాళ్ళు పద్నాలుగు మంది వచ్చారు. ముగ్గురు ముక్కు మూసుకున్నారు, బయటికి పంపేశాను. తిట్టుకుంటూ వెళ్ళారు. మిగతావాళ్ళు పావుగంట కాగానే లేచి ఇళ్ళకి వెళ్ళారు. మీ చెల్లెలు గారు ఒక్కరే లేవలేదండీ. గోడకి తల ఆనించి పడుకుండిపోయారు. నోరు తెరిచి గురక కూడా పెడుతున్నారు. గది మూసే టైం దాటి అరగంటైంది. లేపమంటారా?"

వద్దన్నాను.